తిరగేసిన బోర్డు

ఊళ్లో అందరూ ఆయన్ని బోర్డు బాబాయ్ అంటారు. బస్సు కండక్టరూ బాబాయ్ అంటాడు, బ్యాంకు మేనేజరూ బాబాయ్ అంటాడు, ఆయనకంటే నాలుగేళ్లు పెద్దవాడైన టైలరు కూడా సిగ్గు లేకుండా బాబాయ్ అనే పిలుస్తాడు. ఆ లెక్కన ఆయన భార్య ఊరందరికీ పిన్ని. ఇంతమంది కొడుకులూ కూతుళ్లూ ఉన్నారు గానీ నీళ్ల బిందె ఎత్తిపెట్టే దిక్కు ఒక్కటీ లేదని పిన్ని అప్పుడప్పుడూ దెప్పుతూ ఉంటుంది. వాళ్లకి సొంత పిల్లలు లేరు. ఆ సంగతి పిన్నే ముందు చెప్పేస్తుంది, అడగాలా వద్దా అని ఎదుటివాళ్లు నీళ్లు నమలాల్సిన పని లేకుండా.

బాబాయ్‌కి ఉన్న ఆస్తల్లా ఒక్క బోర్డు. ఊరి వీధి వెళ్లి పెద్ద రోడ్డులో కలిసే మలుపులో, నాలుగు ఇనుప కాళ్ల మీద, రెండంతస్తుల ఎత్తున నిలబడి ఉంటుంది. ఎప్పుడో ఆ రోడ్డు వేసినప్పుడు వాళ్ల నాన్న స్థలాన్ని అడ్డంగా కోసుకుపోగా మిగిలిన చీలిక అది. ఇల్లు కడదామంటే మంచం పట్టదు, కొట్టు పెడదామంటే కొనేవాడికి నిలబడే చోటుండదు. "దీంట్లో ఎవరైనా చేయగలిగింది నిలబడడం ఒక్కటేరా" అన్నాడట నాన్న. సరే, నిలబడేదే పెడదామని బాబాయ్ కుర్రతనంలోనే అక్కడ బోర్డు పాతాడు. పర్మిట్ల ఆఫీసు అప్పుడే కొత్తగా తెరిచారు. బాబ్బాబు, పర్మిట్ తీసుకోండి అని వాళ్లే ఇంటికొచ్చి బతిమాలుకున్న రోజులవి. ఇప్పుడు ఆ ఆఫీసు ముందు జనం చెప్పులు అరగదీసుకుంటున్నారు, అది వేరే సంగతి.

మొదట్లో రేకుల మీద రంగులతో రాసేవారు. తరవాత ఫ్లెక్సీలొచ్చాయి. రాసేవాళ్లు పోయారు, కట్టేవాళ్లు మిగిలారు. బాబాయ్ రాశాడు, కట్టాడు, అరవై దాటాక కూడా నిచ్చెన ఆయనే ఎక్కేవాడు. కింద తాడు పట్టుకునేది పిన్ని. కూలీని పెట్టుకోవచ్చుగా అని ఎవరైనా అంటే, "కూలీవాడు తాడు పట్టుకుని ఫోను చూస్తాడు. ఇది తాడు పట్టుకుని నన్ను చూస్తుంది" అనేవాడు. ప్రేమ ఒలకబోసి అన్న మాట కాదది, పని తెలిసినవాడు అన్న మాట. పిన్నికి మాత్రం అది ఇంకోలా వినబడేది. నలుగురూ కూడినచోటల్లా ఆ మాట చెప్పుకుని మురిసిపోయేది.

బాబాయ్‌కి ఒక పట్టుదల ఉంది. పట్టుదల అనాలో పిచ్చి అనాలో నేను తేల్చుకోలేకపోయాను, మీరే తేల్చుకోండి. ఒక షాపువాడు బోర్డు అద్దెకి తీసుకున్నాడనుకోండి, గడువు ముగిసిన రోజు సాయంత్రం చీకటి పడకముందే బాబాయ్ పైకెక్కి, ఫ్లెక్సీ అంచుల తాళ్లు విప్పి, దాన్ని తిరగేసి కట్టేస్తాడు. ఫ్లెక్సీ వెనకంతా తెలుపు. బొమ్మ లోపలికి పోతుంది, తెల్లటి వీపు రోడ్డు వైపు నిలబడుతుంది. ఆ దారిలో ఉన్న మిగతా బోర్డులవాళ్లెవరూ ఈ పని చేయరు. కొత్త బేరం తగిలేదాకా పాత బొమ్మ వేలాడుతూనే ఉంటుంది. ఎండకి వెలిసి, గాలికి చిరిగి, ఎప్పుడో మూతపడ్డ దుకాణాల మనుషులు ఏళ్ల తరబడి పళ్లికిలిస్తూనే ఉంటారు. బాబాయ్ దృష్టిలో అది దొంగతనం. అద్దె కట్టినవాడూ కట్టనివాడూ ఒకటే అయితే కట్టినవాడు వెర్రివాడా అంటాడు.

పరుపుల షాపాయన సంగతే తీసుకోండి. గడువు అయిపోయిన రోజు ఆయన స్కూటరేసుకుని బోర్డు కిందికే వచ్చాడు.

"బాబాయ్, ఎలాగూ ఖాళీగా ఉండేదే కదా. ఇంకొకడు వచ్చేదాకా నా పరుపుని అలా ఉండనిస్తే నీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్మేం పోదురా. నిరుడు కుర్చీల షాపువాడు రోజు లెక్కన కట్టాడు చూడు, వాడి సొమ్ము పోతుంది."

"వాడికేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిగా."

పరుపు మీద హాయిగా పడుకుని నవ్వుతున్న మొగుడూ పెళ్లాలనీ ఇద్దరు పిల్లల్నీ ఆ సాయంత్రమే లోపలి వైపు తిప్పేశాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం. పరుపులాయన నెలరోజులు మాట్లాడలేదు.

ఆ పరుపు తిరగేసిన వారంలోనే పిన్ని పడిపోయింది.

గిన్నె దించుతూ ఉన్నట్టుండి ఒరిగిపోయింది. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ చచ్చుబడ్డాయి, మాట ముద్దముద్దగా వచ్చేది. "లేవొచ్చు, లేవకపోవచ్చు. కాళ్లూ చేతులూ ఆడించడం మాత్రం మానకండి" అన్నాడు డాక్టరు. ఇంటికి తెచ్చాక వంట బాబాయే, ఒళ్లు తుడవడం బాబాయే, ఆ కాలిని పట్టుకుని మడిచి చాపడం బాబాయే. మామూలుగా బోర్డు ఖాళీ అయితే ఆయన షాపు షాపుకీ తిరిగి బేరం తెచ్చుకునేవాడు. ఇప్పుడు మంచం చుట్టూ తప్ప ఎక్కడా తిరగలేదు. అక్కడ మలుపులో బోర్డు తెల్లగా నిలబడి ఉంది. ఎండలు పోయి వానలొచ్చాయి, వానలు పోయి చలి వచ్చింది.

చివరికి పిన్ని లేచింది. ముందు కూర్చుంది. తరవాత గోడ పట్టుకుని నడిచింది. ఆ తరవాత ఒకరోజు, "ఇదేం వంటండీ, గొడ్డు కూడా తినదు" అని స్పష్టంగా అంది. ఆ మాట విని బాబాయ్ వీధిలోకి వెళ్లి, టైలరు కొట్లో బల్లమీద కూర్చుని, "తిట్టిందిరా" అని భోరుమన్నాడు. ఏం జరిగిందో అర్థంకాక టైలరు మంచినీళ్లిచ్చాడు.

మళ్లీ బోర్డుకి బేరం దొరికింది, కళ్లద్దాల షాపువాళ్లు తీసుకున్నారు. పిన్ని కుడిచేత్తో తాడు పట్టుకోగలిగింది. ఓ ఏడాది పాటు అంతా బాగానే గడిచింది. అప్పుడొచ్చింది నోటీసు.

ఇక్కడ కాస్త చట్టం చెప్పాలి. విసుగనిపిస్తే నన్ను తిట్టకండి, రాసినవాళ్లని తిట్టండి. పెద్ద రోడ్డు పక్కన బోర్డులు మరీ ఎక్కువైపోయాయని, పాతది ఒకటి పోతేనే ఆ దరిదాపుల్లో కొత్తది ఒకటి రావాలని ప్రభుత్వం రూలు పెట్టింది. పోవడమంటే కూలిపోవడమే కాదు. ఏ బోర్డు మీదైనా వరసగా ఆరు నెలలు ప్రకటన అన్నది లేకపోతే, యజమాని దాన్ని వదిలేసుకున్నట్టే, పర్మిట్ రద్దు. ఇదీ రూలు. ఎవరికి పుట్టిన బుద్ధో గానీ, చిరిగిన బొమ్మ ఏళ్లపాటు వేలాడితే తప్పు లేదు, శుభ్రంగా తిరగేసి పెట్టుకుంటే తప్పు.

రోడ్డుకి అవతల ఒక పెద్ద కంపెనీ స్థలం కొంది. బొమ్మలు కదిలే కరెంటు తెర పెడతారట. బాబాయ్ బోర్డు ఉన్నన్నాళ్లూ వాళ్లకి పర్మిట్ రాదు. అందుకని ఎక్కడెక్కడో వెతికి, రోడ్డు సర్వేవాళ్లు తీసిన పాత ఫొటోలు తవ్వి తీశారు. నెలకొకటి చొప్పున ఫొటోలు, అన్నిట్లోనూ వెనక మూల బాబాయ్ బోర్డు, తెల్లగా.

నోటీసు పిన్నే చదివింది. ఆయన అద్దాలు ఎప్పుడూ దొరకవు.

"మన బోర్డుని మనం వదిలేసుకున్నామటండీ."

"ఎప్పుడు?"

"నేను మంచంలో ఉన్నప్పుడు. ఖాళీగా ఉంచామట."

"ఖాళీగా ఎక్కడుందే? తిరగేసి కట్టానుగా! తెల్లచొక్కా వేసుకున్నవాణ్ని పట్టుకుని బట్టల్లేవంటారా?"

పిన్నికి నవ్వొచ్చింది. నవ్వి, నోటీసు మడిచి, "లాయరు దగ్గరికి వెళ్లండి. ఈ మాట మాత్రం అక్కడ అనకండి" అంది.

లాయరమ్మాయి ఆఫీసు మందుల షాపు పైన. మెట్లు ఎంత ఇరుకంటే ఎవరైనా దిగుతుంటే ఎక్కేవాళ్లు వెనక్కి దిగాల్సిందే. ఆ అమ్మాయి చిన్నప్పుడు స్కూలు బస్సు కోసం బాబాయ్ బోర్డు నీడలోనే నిలబడేది. ఆ అభిమానంతోనే కేసు తీసుకుంది. కాగితాలన్నీ చదివి కుర్చీ ముందుకి జరుపుకుంది.

"బాబాయ్, వాళ్ల ఫొటోలు చివరి నాలుగు నెలలవే. మొదటి రెండు నెలలకీ ఫొటోల్లేవు. ఆ రెండు నెలలూ పాత ప్రకటన పైనే ఉందంటే ఆరు నెలలు నిండనట్టే. కేసు మనదే. పరుపుల ఫ్లెక్సీ ఎప్పుడు తిరగేశారు?"

"గడువు అయిన రోజే."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "అంత కచ్చితంగా గుర్తుందా?"

"నా పేరు గుర్తున్నట్టు."

"బాబాయ్, ఈ రోడ్డు మీద ఆ రోజే తిప్పేవాడు ఎవడైనా ఉన్నాడా చెప్పండి. అందరూ నెలలకి నెలలు ఉంచేస్తారు. అధికారికీ తెలుసు ఆ సంగతి. మీరు అబద్ధం చెప్పొద్దు. అడిగితే గుర్తులేదనండి చాలు. గుర్తులేకపోవడం నేరం కాదు. మా ఆయనకి పెళ్లిరోజే గుర్తుండదు, ఏ జైల్లో పెట్టారు?"

బాబాయ్ నోటీసు మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు.

"ఇంతకీ అన్నాళ్లు బేరం ఎందుకు తేలేదు?"

బాబాయ్ మెట్ల వైపు చూశాడు. "బేరాలు లేవమ్మా."

"అంతేనా?"

"అంతే."

పిన్ని జబ్బు సంగతి చెప్పడం ఆయనకిష్టం లేదు. ఇంట్లో పిన్ని అడిగింది కూడా, నా సంగతి చెప్పొచ్చుగా అని. "గుడ్డ తడిపి ఒళ్లు తుడిచిన సంగతులు నలుగురిలో ఎందుకే? అది మన ఇంటి గొడవ. వాళ్లకి కావలసింది బోర్డు గొడవ" అన్నాడు. సరే అయితే గుర్తులేదనే చెప్పండి, రేపు గుర్తొస్తే రేపు చూసుకుందాం అని పిన్ని ఊరుకుంది. ఊరుకోవడమంటే అలాంటిలాంటి ఊరుకోవడం కాదు. రోజూ భోజనాల దగ్గర ఆవిడే అధికారి అయ్యేది. "ఎప్పుడు తిరగేశారు?" అని గరిటె ఎత్తి అడిగేది. "గుర్తులేదండీ" అనేవాడు బాబాయ్, తల దించుకుని. "తల ఎత్తి చెప్పండి. తల దించుకుంటే గుర్తుందని తెలిసిపోతుంది." నాలుగోరోజుకి ఆయన తలెత్తి, కళ్లలోకి చూసి, తడబడకుండా గుర్తులేదనడం నేర్చుకున్నాడు.

ఆ నేర్చుకోవడం ఎంత కష్టమైందో పిన్నికి తెలుసు. కానీ బోర్డు పోతే ఏమవుతుందో ఇద్దరికీ ఇంకా బాగా తెలుసు. ఆ వయసులో ఆయన ఇంకొకడి బోర్డుకి కూలీగా వెళ్లాలి. ఇంకొకడి నిచ్చెన ఎక్కాలి. కింద తాడు పట్టుకునేది ఎవరో, ఎటు చూస్తుంటారో ఎవరికి తెలుసు? పిన్ని భయమంతా అదే. చూసుకుంటూ ఉండడానికి ఒక బోర్డు మిగలాలని ఆవిడ కోరిక.

విచారణ పర్మిట్ల ఆఫీసులోనే, పై అంతస్తులో. పొడుగాటి బల్ల, ఒక మూల విరిగిన కుర్చీల గుట్ట, తిరిగినప్పుడల్లా టిక్కుమనే ఫ్యాను. విచారణ చేసే అధికారి నడివయసు మనిషి. జలుబు చేసి ఉంది, మాటమాటకీ చేతిరుమాలు తీస్తున్నాడు. చెడ్డవాడు కాదు. ఒకపక్క కంపెనీ లాయరు. ఇంకోపక్క బాబాయ్, లాయరమ్మాయి. పర్మిట్ల ఇన్‌స్పెక్టరు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఈయన బాబాయ్ పర్మిట్‌ని ఏళ్ల తరబడి ప్రతి ఏడాదీ ముద్ర కొట్టి ఇచ్చిన మనిషే. బాబాయ్ వద్దన్నా వినకుండా పిన్ని వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది.

లాయరమ్మాయి అడగాల్సింది అడిగింది. "ఆ ఫ్లెక్సీ ఎప్పుడు తిరగేశారో చెప్పగలరా?"

బాబాయ్ తలెత్తాడు. అధికారి కళ్లలోకి చూశాడు. "గుర్తులేదండీ" అన్నాడు. వెనక బెంచీ మీద పిన్ని ఊపిరి వదిలింది.

తరవాత కంపెనీ లాయరు లేచాడు. పెద్దాయన, మెత్తటి గొంతు. అరిచే లాయర్లకంటే ఇలాంటివాళ్లే ప్రమాదం. అరటిపండు ఒలిచినట్టు మొదలుపెట్టాడు.

"పోనీలెండి, పెద్దవారు, గుర్తుండకపోవడం సహజం. మీ రోడ్డు మీద మిగతావాళ్లు కూడా పాత ప్రకటనలు అలాగే వదిలేస్తారట కదా?"

"వాళ్లు వదిలేస్తారండీ."

"మీరూ అంతేనన్నమాట. అద్దె అయిపోయినా వాడి బొమ్మ రెండు నెలలున్నా, మూడు నెలలున్నా పట్టించుకోరు. ఎవడు కట్టాడు, ఎవడు కట్టలేదు అన్న లెక్క మీకు పెద్దగా ఉండదు. తప్పని కాదు, బద్ధకం అందరికీ ఉంటుంది."

లాయరమ్మాయి బల్ల కింద బాబాయ్ చెప్పు తొక్కింది. అప్పటికే ఆలస్యమైంది. బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి.

"నేనా? బద్ధకమా?" అన్నాడు లేచి. "ఈ రోడ్డు మీద ఎవర్నైనా అడగండి! అద్దె అయిపోయాక ఒక్క పూట కూడా నా బోర్డు మీద ఎవడి బొమ్మా నిలవలేదు! పరుపులవాడు బతిమాలితే కూడా ఆ సాయంత్రమే, నా చేత్తో నేనే తిరగేశాను!"

గదిలో ఫ్యాను ఒక్కటే టిక్కుమంది. కంపెనీ లాయరు తల వంచి దణ్ణం పెట్టినట్టుగా కూర్చున్నాడు. ఇంకో ప్రశ్న అడగలేదు. అడగాల్సిన అవసరమేముంది? గొయ్యి తవ్వే శ్రమ కూడా లేకుండా మనిషి తనే వచ్చి దూకాడు.

బాబాయ్‌కి తనేమన్నాడో అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక వెనక్కి తిరిగి పిన్ని వైపు చూశాడు. నాకైతే ఇప్పటికీ ఆయన మీద కోపమే. నాలుగు అక్షరాల ముక్క, నేర్చుకున్న ముక్క, ఇంకో పావుగంట నోట్లో దాచుకుంటే సరిపోయేది.

పిన్ని కోప్పడలేదు. కుడిచేతిని బెంచీ మీద ఆన్చి లేచి నిలబడింది.

"అయ్యా, నేనొక మాట చెప్పొచ్చా?"

"మీరెవరమ్మా?"

"ఆయన భార్యనండీ. ఆ ఆరు నెలలూ నేను మంచంలో ఉన్నాను. ఒక పక్క పడిపోయింది. అన్నం పెట్టింది ఈయనే, ఎత్తి కూర్చోబెట్టింది ఈయనే, సిగ్గు విడిచి చెప్తున్నాను, స్నానం చేయించింది కూడా ఈయనే. బేరం కోసం ఊరు తిరిగితే నన్ను చూసేవాళ్లెవరు? వదిలేసుకున్నారు అని రాశారు కాగితంలో. ఈయన వదిలేసుకునే మనిషి కాదండీ."

లాయరమ్మాయి బాబాయ్ వైపు గిర్రున తిరిగింది. ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు అని మొహమంతా ప్రశ్నే. బాబాయ్ నేల చూపులు చూస్తున్నాడు.

అధికారి చేతిరుమాలు జేబులో పెట్టుకుని రూళ్ల పుస్తకం తిరగేశాడు. నిజంగానే ఏదైనా దొరుకుతుందా అని వెతికాడు, అది ఒప్పుకోవాలి. దొరికింది కూడా.

"ఇంట్లో జబ్బులాంటి కారణాలుంటే రూల్లో వెసులుబాటు ఉందమ్మా. ఖాళీగా ఉన్న రోజుల్లోనే ఆఫీసుకొచ్చి చెప్పి గడువు పొడిగించుకోవాలి. అప్పుడొచ్చి చెప్పారా?"

లాయరమ్మాయి మొహంలో ఆశ కనిపించింది. గోడ దగ్గర నుంచి ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు.

"వచ్చారండీ. నా దగ్గరికే వచ్చారు."

"మరి?"

"ఇంట్లో మనిషికి బాగాలేదు, బోర్డు ఖాళీగా ఉంది, కాస్త టైం కావాలి అన్నారు. సరే బాబాయ్, ఎప్పటిదాకా కావాలో ఒక తేదీ చెప్పండి, తేదీ లేకుండా గడువివ్వడానికి రూలొప్పుకోదు అన్నాను. పిన్ని ఎప్పటికి లేస్తుందంటారు, అంచనాగా చెప్పినా చాలు అన్నాను. ఆయన అలాగే నిలబడ్డారు. వెనక లైను పెరిగిపోతోంది. మళ్లీ అడిగాను. ఏం చెప్పకుండా వెళ్లిపోయారు."

అధికారి బాబాయ్ వైపు చూశాడు. గొంతులో కోపం లేదు, జాలి లాంటిదే ఉంది. "ఏదో ఒక తేదీ చెప్తే సరిపోయేది కదండీ. అవసరమైతే మళ్లీ పొడిగించేవాళ్లం. ఎందుకు చెప్పలేదు?"

బాబాయ్ ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాడు. లాయరమ్మాయి చేయి పట్టి ఊపింది. పిన్ని వెనక నుంచి, "చెప్పండి" అంది. అడక్కపోయినా మాట్లాడినవాడు అడిగినప్పుడు మూగవాడైపోయాడు.

పర్మిట్ రద్దు చేస్తూ అధికారి ఆ రోజే ఆర్డరు చెప్పేశాడు. నెలలోపు బోర్డు తీసేయాలి. మెట్లు దిగుతుంటే లాయరమ్మాయి, "పైకోర్టుకి వెళ్దాం బాబాయ్" అంది. "వద్దమ్మా. ఆరు నెలలు ఖాళీగా ఉన్న మాట నిజమే. ఉన్నదాన్ని లేదని ఏ కోర్టులో అనిపిస్తావు?" అన్నాడు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని స్కూటీ ఎక్కింది. ఇన్‌స్పెక్టరు గేటు దగ్గర ఏదో చెప్పబోయాడు. "నీ తప్పేం లేదులేరా" అని బాబాయ్ భుజం తట్టి వచ్చేశాడు.

దారిలో పిన్ని అడిగింది, ఎందుకు చెప్పలేదని. బాబాయ్ నడుస్తూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక అడిగింది. ఆకలేస్తోందన్నాడు. అన్నం పెట్టి అడిగింది. నిద్రొస్తోందన్నాడు. పిన్ని ఆ తరవాత అడగడం మానేసింది గానీ, అడగనప్పుడు ఆవిడ చేసే మౌనం అడిగినదానికంటే ఎక్కువ వినబడుతుంది.

బోర్డు విప్పే పని ఇంకొకరికి ఇవ్వలేదు. కళ్లద్దాల షాపాయనకి నచ్చజెప్పుకుని, ఒక ఉదయం ఇద్దరూ బయల్దేరారు. పాన, తాళ్లు, తుప్పు వదలడానికి నూనె. బాబాయ్ ముందు ఫ్లెక్సీ దించాడు. తరవాత పైన అడ్డకమ్మీల బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో కమ్మీనీ తాడుకి కట్టి, ఫ్రేము మీదుగా తాడు వేసి కిందికి వదులుతాడు. కింద పిన్ని తాడుని ఇనుప కాలికి ఒక చుట్టు చుట్టి, కుడిచేత్తో కొంచెం కొంచెంగా వదలాలి. ఎడంచేయి ఊరికే సాయానికి.

మొదటి కమ్మీ కట్టి బాబాయ్ పైనుంచి కేకేశాడు. "వదులు!"

పిన్ని వదల్లేదు. తలెత్తి నిలబడింది.

"ఏమండీ! ఆ రోజు తేదీ ఎందుకు చెప్పలేదు?"

"ఏంటీ?" ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

"తేదీ! ఆఫీసులో అడిగితే ఏదో ఒకటి చెప్తే బోర్డు మిగిలేదిగా! ఎందుకు చెప్పలేదు?"

"ఇప్పుడెందుకే ఆ గోల! తాడు వదులు!"

"చెప్తేగానీ వదలను!"

కమ్మీ గాల్లో వేలాడుతోంది. మలుపులో బస్సు ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "ఏమైంది బాబాయ్?" అన్నాడు. కిటికీల్లోంచి జనం పైకీ కిందికీ చూస్తున్నారు. బాబాయ్ ఒక చేత్తో ఫ్రేము పట్టుకుని, ఇంకో చేత్తో పాన పట్టుకుని, అంత ఎత్తున నిలబడి ఉన్నాడు. తప్పించుకుపోవడానికి చోటు లేదు. ఆకలేస్తోందనడానికి లేదు, నిద్రొస్తోందనడానికి లేదు.

"నువ్వెప్పటికి లేస్తావో చెప్పమన్నాడే వాడు!" అని అరిచాడు.

"అడిగితే?"

"ఏం చెప్పమంటావ్? తేదీ చెప్పేశాక, ఆ రోజు రానే వచ్చాక, నువ్వు లేవకపోతే?"

పిన్ని తాడు ఇంకాస్త బిగించి పట్టుకుంది.

"బోర్డుకి పెట్టినట్టు నీకు గడువు పెట్టమన్నాడు! నాకు నోరు రాలేదే! పెడితే ఆ రోజు దాకా లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ని! ఆ రోజు దాటిపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు!" మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. "బోర్డు పోతే పోయింది!"

పిన్నికి కళ్లు మసకబారి పైన ఆయన సరిగ్గా కనబడలేదు. తుడుచుకుందామంటే కుడిచేతిలో తాడుంది. ఎడంచేతిని మెల్లగా, బరువుగా పైకి లేపి, మణికట్టుతో కళ్లు తుడుచుకుంది.

"లేచానుగా!" అని అరిచింది.

"ఆ, లేచావు! ఇక వదులు, చెయ్యి లాగేస్తోంది!"

పిన్ని తాడు కొంచెం కొంచెంగా వదిలింది. కమ్మీ ఊగుతూ, ఫ్రేముకి ఎక్కడా తగలకుండా కిందికి దిగింది. బస్సు కదిలింది. పైన బాబాయ్ రెండో బోల్టుకి నూనె వేస్తున్నాడు.